అరువు నెమరు

డబ్బా మూత ఎవరు వెయ్యలేదో ఇప్పుడు అనవసరం.
రాత్రంతా బార్లీలో మూతి పెట్టి
స్నోరోస్ కడుపు పులిసిపోయింది.
తెల్లావు, చెవులు మాత్రం బొగ్గులో ముంచి తీసినట్టు.
గోడకి మొహం పెట్టి నిలబడింది.
పళ్ళు నూరుతోంది గానీ
నెమరు లేదు.

యెమ్ట్‌లాండ్ కొండల మీద జులై,
చీకటి పడటం మానేసిన రోజులు.
పశువుల డాక్టరు తొంభై కిలోమీటర్ల అవతల
ఇంకెవరిదో దూడని లాగుతున్నాడు.

ఇంగెగెర్డ్‌కి ఎనభై ఒకటి.
ఆవు ఎడమ డొక్కకి చెవి ఆనించింది,
పక్కగదిలో పిల్లలు పడుకున్నారో లేదో వింటున్నట్టు.
"మిల్లు ఆగిపోయింది" అంది.

తూవా ఉప్సాలా నుంచి వచ్చి మూడు వారాలు.
ఆవుల ఊపిరి కొలవడానికి వచ్చింది,
సీసాలు మోయడానికి నన్ను వెంటబెట్టుకుని:
ఏ ఆవు ఎంత మీథేన్ తేన్చుతుందో,
ఏ కడుపులో ఏ సూక్ష్మజీవులు కాపురముంటాయో,
కొండగడ్డి తప్ప ఎరగని ఈ పాత జాతి
అంత తక్కువ మేతలోంచి అన్ని పాలెలా పిండుతుందో.
నూట నలభై సీసాలు, ప్రతిదానికీ అంకె.
"వాటికి పేర్లున్నాయి" అంది ఇంగెగెర్డ్ మొదటిరోజే.
మళ్ళీ ఆ మాటెత్తలేదు.

"మా అమ్మమ్మయితే..." అని ఆగింది.
కాసేపటికి చెప్పింది, కాస్త సిగ్గుపడుతూ:
బాగున్న ఆవు నెమరేస్తుంటే
చటుక్కున నోట్లో చెయ్యి పెట్టి
ఆ ముద్ద లాగేసి
జబ్బావు గొంతులో కుక్కేదట.
"దొంగతనమే మరి.
ఆ పూట దానికి ఉప్పు ఎక్కువ పెట్టేది."

ఎంగిలి అనడానికి వాళ్ళ భాషలో మాట లేదు.
నా భాషలో ఉంది.
ఆ ఒక్క మాట చుట్టూ
ఎన్ని గిన్నెలు విడిగా తోమామో,
ఎన్ని గ్లాసులు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకున్నామో.

తూవా నవ్వలేదు. గొట్టం తెచ్చింది.
పద్నాలుగేళ్ళ డాగ్రోస్ మెడ కింద గోకుతూ
ఇంగెగెర్డ్ దాన్ని మాటల్లో పెట్టింది.
వేడి తగ్గకూడదు, గాలి తగలకూడదు.
మనకి ప్రాణమైన గాలి
వాళ్ళకి విషం.
మా పెట్టెలన్నీ ఐసుతో నిండి ఉన్నాయి.
వెచ్చగా ఉంచేది ఆ ఇంట్లో ఒక్కటే,
కాఫీ ఫ్లాస్కు.

రెండుసార్లు నింపాం.
ఆకుపచ్చని చిక్కటి పులుసు, తడిసిన గడ్డివాము వాసన.
చెంచాడు తీస్తే
భూమ్మీది మనుషులకన్నా ఎక్కువమంది.
పేరు పెట్టనివాళ్ళే చాలామంది.
చీకట్లో పుట్టి,
గడ్డిపోచ చిక్కుముడి విప్పడం తప్ప
వేరే పని నేర్వనివాళ్ళు.
ఆవు గడ్డి మేస్తుందనుకుంటాం.
నిజానికి అది
వాళ్ళని మేపుతుంది.

పన్నెండు. ఒంటిగంట. వెలుతురు కదలదు.
తూవా ఫోన్లో టైమరు, ఇంగెగెర్డ్ ఒళ్ళో సగం అల్లిన మేజోడు.
మూడింటికి ఆవిడ జోగింది.
అల్లికసూది జారి గడ్డిలో పడింది.

ఆవు మింగిందంటే గుండెకే గుచ్చుకుంటుంది.
ముగ్గురం మోకాళ్ళ మీద,
అరచేతులతో గడ్డి తడుముతూ,
ముగ్గురమూ మూడు భాషల్లో తిట్టుకుంటూ
(తూవా తిట్లు ఏ భాషో తెలీదు).
సూది నా చేతికి తగిలిన క్షణం
తలల పైన ఏదో చప్పుడు.
తడి గులకరాళ్ళ మీద ఎవరో
నిదానంగా నడుస్తున్నట్టు.

ముద్ద మెడలోకి ఎక్కడం ఎవరమూ చూళ్ళేదు.
ఇంగెగెర్డ్ లేవకుండానే లెక్కపెట్టింది,
పెదవులతో, యాభై రెండు దాకా.
స్నోరోస్ మింగింది.
ఇంకో ముద్ద పైకి తెచ్చుకుంది.

అన్ని వేల జాతుల్లో ఎవరు నిలబెట్టారో
తూవాకి తెలీదు. సెప్టెంబరు దాకా తెలీదు,
అప్పుడైనా తెలుస్తుందో లేదో.
ఇచ్చిన మందు అన్న గడిలో
అంకె రాయబోయి, కొట్టేసి,
డాగ్రోస్ అని రాసింది.

ఫ్లాస్కు మూడుసార్లు కడిగింది ఇంగెగెర్డ్,
అందులోనే కాఫీ పోసింది.
ఒక్కటే కప్పు. తను ఒక గుక్క తాగి,
తూవాకిచ్చి, తూవా నాకిచ్చింది.

ఎత్తి పోసుకోలేదు.
కాస్త గడ్డి రుచి ఉంది.